మోత మానేసిన అంబాసిడర్

కారు ఆగిపోతే లోకం ఇంజనును చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వేది లోపల కూర్చున్నవాణ్ణి చూసి అని తెలుసుకోవడానికి నాకు ఒక కొత్త ఇంజను, ఒక కొడుకు పెళ్ళి కావలసి వచ్చాయి. తెలివైనవాళ్ళు ఇలాంటివి ఎదుటివాడి కారును చూసి నేర్చుకుంటారు. నేను సొంత కారుతోనే నేర్చుకున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా ఇంట్లో మా నాయన కొన్న తెల్ల అంబాసిడర్ ఉంది. మా ఇంటి పెళ్ళికొడుకు ఎవరైనా అందులోనే పెళ్ళికి పోవాలన్నది ఆయన పెట్టిన ఆచారం. కారుకు మాత్రం సొంత ఆచారం ఒకటి ఉండేది. ఆడపెళ్ళివారి వీధి మలుపు తిరగగానే ఆగిపోయేది. "సిగ్గుపడతాందిరా" అని మా నాయన దాన్ని వెనకేసుకొచ్చేవాడు.

నా పెళ్ళినాడు జమ్మలమడుగులో కూడా అలాగే సిగ్గుపడింది. మా బామ్మర్ది అప్పుడప్పుడే మీసం దువ్వడం నేర్చుకున్న వయసులో ఉన్నాడు. పట్టుపంచె ఎగగట్టి, స్నేహితులను పోగేసి, కారును వాళ్ళ ఇంటిదాకా నెట్టాడు. ఆఖర్న కాలు జారి మురిక్కాలవలో పడ్డాడు. ఆ బురద వాడి పంచెకు ఒక్క ఉతుకులో పోయింది. నాకంటుకున్నది మాత్రం ఇప్పటికీ పోలేదు. ఎక్కడ నలుగురు చేరినా వాడు మొదలుపెడతాడు.

"మా బావ పెండ్లికి వచ్చినాడనుకుంటాండారా? రాలేదప్పా! నేను నెట్టుకొచ్చినా. ఆ పొద్దు నేను చెయ్యి తీసేసుంటే మా అక్క ఇంకా మా ఇంట్లోనే ఉండేది."

అందరూ నవ్వుతారు. మా ఆవిడ అందరికంటే ముందు నవ్వుతుంది.

ఇప్పుడు వాడికి జమ్మలమడుగులో నాపరాళ్ళ వ్యాపారం. వాడు బండలతో బతికాడు, నేను బండితో బతికాను. వాడి బండలే నా బండికంటే చురుగ్గా కదులుతాయని వాడంటాడు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

మా అబ్బాయికి పులివెందుల సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న చోటే బామ్మర్ది లేచి, మేనమామ హోదాలో, అందరికీ వినిపించేటట్టు చెప్పాడు.

"అల్లుడు నా కొత్త కార్లో వస్తాడు. మీ ముసిల్దాన్ని షెడ్డులోనే పండుకోనీ బావా. పులివెందులోళ్ళకు బండ్లు నెట్టే అలవాటు ల్యా."

వియ్యాలవారు కూడా నవ్వారు. సంబంధం కలిసిందని అప్పుడే నాకు గట్టిగా అనిపించింది. కానీ నవ్వలేకపోయాను. మా నాయన పెట్టిన ఆచారాల్లో నేను నిలబెట్టినది అదొక్కటే. అది నా చేతుల్లో, అదీ బామ్మర్ది చేతుల మీదుగా పోవడం నాకిష్టం లేదు. ఇంటికొచ్చాక ఆ మాటే అంటే మా ఆవిడ తేల్చేసింది.

"నా కొడుకును నడీదిలో నెట్టుకుంటా తీస్కపోయినారంటే నేను బస్సెక్కి ఎనక్కొచ్చేస్తా. ఆమీట నీ ఇష్టమప్పా."

పెళ్ళికొడుకు అభిప్రాయం అడిగితే, ఏసీ ఎందులో ఉంటే అందులో ఎక్కుతానన్నాడు.

అలా ఇంజను మార్చాలన్న బుద్ధి పుట్టింది. బుద్ధి మార్చుకుని ఉంటే ఇంజను మార్చే పని తప్పేది.

ఎర్రగుంట్ల రోడ్డులో మా మేస్త్రీ ఉన్నాడు. మా పాత ఇంజనుకు ప్రాణం పోయినప్పుడల్లా మళ్ళీ పోసినవాడు. నా మాట విని ఆనందంతో బానెట్ మీద చరిచాడు.

"ఎప్పుడో చేయాల్సింది సార్! ఇది ఇంజను కాదు, రిటైరైన హెడ్మాస్టరు. అరుస్తాది గానీ పని చేయదు."

నేను రిటైరైన హెడ్మాస్టర్ననే సంగతి అతనికి తెలుసు. తెలిసే అన్నాడా, తెలిసీ మరిచి అన్నాడా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

వెనకనుంచి లారీ గుద్దిన ఒక చిన్న వ్యాను పాత సామాన్ల అంగట్లో పడి ఉంటే, అందులోంచి ఇంజను, గేరుబాక్సు, ఏసీతో సహా ఊడబెరికి తెచ్చాడు. ఈ కాలపు ఇంజను. పాతదాని పక్కన పెడితే గాదె పక్కన గిద్ద పెట్టినట్టుంది.

"ఇదేనా? ఇంకా పెరుగుతుందా?" అన్నాను.

"ఫికర్ చేయొద్దు సార్. రేపు బండి తీసకపోండి."

అతని రేపుకూ నా రేపుకూ మధ్య రేపల్లె అంత దూరం ఉందని వేసవి వచ్చేదాకా తెలియలేదు. పోయినప్పుడల్లా చక్రాలమీద ఒక డొల్ల నిలబడి ఉండేది. ఇంజను కూర్చోవడానికి ఇనుప కమ్మీలు అతికించాడు. కమ్మీలు కూర్చోవడానికి ఇంకో కమ్మీ అతికించాడు. కొత్త ఇంజనుకు మెదడు లాంటి కంప్యూటరు పెట్టె ఒకటుందట. మా ఆవిడ వక్కాకు, కుంకుమ పెట్టుకునే అరలో దాన్ని కూర్చోబెట్టాడు. ఆ మెదడుకు తానింకా వ్యానులోనే ఉన్నానని భ్రమ. ఎప్పుడూ లేని గాలిసంచులు పనిచేయడం లేదని ఒక ఎర్రదీపం, అసలే లేని సీటు బెల్టు పెట్టుకోలేదని ఇంకో ఎర్రదీపం. మా ఆవిడ తన బొట్టుబిళ్ళలు తీసి ఆ రెండింటిమీదా అతికించింది. డాష్ బోర్డుకు ముత్తయిదువ కళ వచ్చింది.

రవాణా ఆఫీసువారు బానెట్ తెరిచి, "ఇంజను యాడప్పా?" అని వంగి వెతికి, దొరికాక అనుమతి ఇచ్చారు.

మొదటిసారి తాళంచెవి తిప్పినప్పుడు నాకేమీ వినిపించలేదు.

"స్టార్ట్ కాలేదు మేస్త్రీ" అన్నాను.

"అయి శానాసేపాయె సార్. చేయి పెట్టి చూడండి."

నిజమే. అద్దం మీద ఈగ వాలినంత వణుకు, అంతే. మా పాత ఇంజను మోతకు వీధిలో కుక్కలు లేచేవి, పక్కింటివాళ్ళు పొయ్యిమీది పాలు ఒలుకుతాయని దించేవాళ్ళు. ఈ ఇంజను ఇంట్లోకి వచ్చి నిలబడినా మా ఆవిడ తలెత్తలేదు.

పెళ్ళి మే నెలలో పడింది. పెళ్ళికొడుకును వెనక సీట్లో కూర్చోబెట్టి, మా ఆవిడను పక్కన పెట్టుకుని నేనే నడిపాను. బామ్మర్ది తన కొత్త కారులో మా వెనకే బయలుదేరాడు.

"నెట్టాల్సొస్తే మనిషుండాల గదా" అన్నాడు. ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడడం కూడా చూశాను. అప్పుడు పట్టించుకోలేదు.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వరుస తగిలింది. నా అంబాసిడర్ సందు చూసుకుని జారిపోయింది. బామ్మర్ది వెడల్పాటి కారు లారీల మధ్య చిక్కుకుంది. వేముల దాటాం. ఎక్కడా ఆగలేదు, ఆవిరి కక్కలేదు, అలగలేదు. ఏసీ చల్లదనానికి పెళ్ళికొడుకు గురక పెట్టాడు. పులివెందులలో కల్యాణమంటపం ఉన్న వీధి మలుపు వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి తిప్పాను. కారు సిగ్గుపడలేదు. నిండు పేరంటాలిలా నడిచి గేటు ముందు నిలిచింది.

అక్కడ ఎవరూ లేరు. ఎదుర్కోలు లేదు, హారతి లేదు. మేళంవాళ్ళు అరుగు మీద టీ తాగుతున్నారు. వాళ్ళలో డోలు ఒళ్ళో పెట్టుకున్నాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"ఈడ నిలపొద్దు పెద్దాయనా. పెండ్లికొడుకు కారొస్తాది. ఆ పక్కకు పెట్టుకో."

హారతి ఇవ్వకుండా పెళ్ళికొడుకు కాలు కింద పెట్టకూడదు. వాడు నిద్రలేచి, తనకు అర్జెంటుగా కాలు కింద పెట్టే పని ఉందన్నాడు. అప్పటికి పెళ్ళికూతురి చిన్నాయన బయటికి వచ్చి కారును, నన్ను మార్చి మార్చి చూశాడు.

"ఎప్పుడొచ్చిరి బావా? చప్పుడే ఇనపడల్యా! మీ బామ్మర్ది ఫోన్ చేసి చెప్పినాడే, 'దాని మోత ఊరిబయటే ఇనపడ్తాది, ఇనపడినాక లేయండి, మోకులు మాత్రం సిద్ధంగా పెట్టుకోండి' అని. పిల్లోళ్ళంతా మోకులు పట్టుకోని వేముల రోడ్డు తట్టు పోయినారు. మోత లేకపోతే వాళ్ళు మాత్రం బండిని ఎట్ల గుర్తుపడ్తారు?"

కారు మోతకోసం ఊరంతా చెవులు రిక్కించి కూర్చుందన్నమాట. ఇన్నాళ్ళూ పరువు తీసిన మోతే మా రాకకు దండోరా అని నాకు అప్పుడు అర్థమైంది. దాన్ని నేనే పీకించి పాత ఇనుములో వేయించాను.

పెద్దలు ఆలోచించి తీర్పు చెప్పారు. మేళం, మెరవణి లేకుండా వచ్చింది రాక కింద లెక్కకు రాదు. తిరిగి ఊరిబయటికి పోయి, మేళంతో, పద్ధతిగా మళ్ళీ రావాలి. పెళ్ళికొడుకు తన అవసరాన్ని నోటితో చెప్పలేక కళ్ళతో చెప్పాడు. దారిలో ఒక కంపచెట్ల చాటున, హారతి లేకుండానే, అది తీరింది. పెద్దలకు చెప్పలేదు.

వేముల రోడ్డులో కారు ఓరగా ఆపి, ఇంజను ఆపకుండా, ఏసీలోనే కూర్చుని మేళంకోసం ఎదురుచూస్తున్నాం. అప్పుడు దిగాడు బామ్మర్ది, లారీల దుమ్ముతో, మొహం వెలిగిపోతూ.

"నేను చెప్పలే! నేను చెప్పలే! ఊరిముందర నిలబడిపాయె! ఎన్ని ఇంజన్లు మారిస్తే ఏముంది బావా, బండికి మీ నాయన బుద్ధే వచ్చింది. ఒరేయ్, ఎవర్రా ఆడ? మోకులు తీస్కరాండ్రా!"

చెబుదామని నోరు తెరిచాను. ఆగలేదురా, నీకంటే ముందే పోయి వచ్చిందిరా అందామనుకున్నాను. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమీ చెప్పాకు. వానికి ముచ్చటగా ఉంది, నెట్టనీ."

"బస్సెక్కి పోతానంటివి గదా?"

"బస్సులో ఏసీ ఉండదు."

నేను గేరు న్యూట్రల్‌లో పెట్టాను. మేళం వచ్చింది, డోలు మోగింది. పిల్లలు ముందు మోకులు పట్టారు. బామ్మర్ది వెనక డిక్కీకి రెండు చేతులూ ఆనించి, అరుపులతో నెట్టడం మొదలుపెట్టాడు. డోలు మోతలో ఇంజను వణుకు ఎవరి చెవినా పడలేదు. ఊరు ఊరంతా అరుగులమీదికొచ్చి నవ్వింది. నా పరువు పద్ధతిగా, మేళతాళాలతో, మరోసారి పోయింది. లోపల మాత్రం చల్లగా ఉంది. నా కుడికాలు బ్రేకు మీద ఉంది. పిల్లల పాపం ఎందుకని వాళ్ళు లాగినప్పుడు వదిలాను. బామ్మర్ది ఒక్కడే నెట్టాల్సి వచ్చిన ఎత్తు దగ్గర కాస్త ఆనించి ఉంచాను. కాస్తే.

మంటపం దగ్గరికి వచ్చేసరికి వాడి చొక్కా పిండితే కారేట్టుంది, మీసాలు వేలాడుతున్నాయి. ఒగరుస్తూ నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బరువప్పా బావా... శానా బరువు... మీ పెండ్లప్పుడు గూడా ఇంత లేదు."

అద్దం వేలెడంత దించాను. లోపలి గాలి వాడి మొహానికి కొట్టింది. వాడు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, అనుమానంగా నన్ను చూశాడు.

"ఇంత చల్లగాలి యాడిది బావా?"

"పులివెందుల గాలప్పా" అన్నాను. "మే నెలలో ఈడ ఇట్లే ఉంటాది." అని అద్దం ఎక్కించాను.