నందిగామలో తీయించుకున్న స్కాను

జగ్గయ్యపేట మెయిన్ బజార్లో కిరాణా కొట్టు నడిపే శ్రీమన్నారాయణ భార్య బాలామణికి యాభై ఆరేళ్లు. ముట్లుడిగి ఐదేళ్లయింది. అలాంటిది వినాయక చవితి ముందు రోజు లంగా మీద ఎర్రటి మరక కనిపించింది. గబగబా ఉతికేసి ఊరుకుంది. పది రోజులకు మళ్లీ కనిపించింది. ఆమె అక్క వసుమతికీ ఇలాగే మొదలైంది. గర్భసంచిలో క్యాన్సరని తేలేసరికి చెయ్యి దాటిపోయింది.

రెండు నెలలు బాలామణి ఎవరికీ చెప్పలేదు. కొట్లో కందిపప్పు తూస్తున్నా ధ్యాసంతా ఒంటి మీదే. చివరికి ఓ ఉదయం ఆ మరక కోడలు చందన కంటపడింది.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

బాలామణి మరక కనపడకుండా కుచ్చెళ్లు సర్దుకుంది. "పేటలో చూపించుకోనమ్మా. బజారంతా తెలిసిపోద్ది" అంది.

మర్నాడు ఇద్దరూ నందిగామ వెళ్లారు. ఆసుపత్రిలో స్కాను కోసం సీసాడు నీళ్లు తాగి, ఉగ్గబట్టుకుని కూర్చుంది బాలామణి. చుట్టూ కడుపుతో ఉన్న అమ్మాయిలే. పక్కనున్న అమ్మాయి చందనను చూపించి, "మీ కోడలికాండీ? ఎన్నో నెల?" అని అడిగింది. "మూడో నెల" అనేసింది బాలామణి.

లోపల డాక్టరమ్మ పొత్తికడుపు మీద చల్లటి జెల్లు రాసి స్కాను మొదలుపెట్టింది. ఒకేచోట మళ్లీ మళ్లీ అదిమి చూస్తోంది. బాలామణి చటుక్కున డాక్టరమ్మ మణికట్టు పట్టుకుంది.

"ఏదన్నా ఉంటే నాకే చెప్పండి. మా కోడలికి చెప్పమాకండి."

డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది. "ఈ తెల్లగా ఉన్నది గర్భసంచి లోపలి పొరమ్మా. ఈ వయసులో ఇంత మందం ఉండకూడదు. ఎందుకు పెరిగిందో స్కానులో తెలీదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

"క్యాన్సరా అండీ?"

"చాలామందికి కాదు. అయినా చూడకుండా చెప్పలేను. రెండు నెలలు ఆగకుండా ఉండాల్సింది."

ఇంటికొచ్చాక భర్తకు తనే చెప్పింది. శ్రీమన్నారాయణ చేతిలోని పద్దు పుస్తకం మూసేశాడు. "నాక్కూడా చెప్పకూడదా బాలా?" అన్నాడు. "చెప్పాలంటే భయమేసిందండీ" అంది.

ముక్క తీసి పంపాక రిపోర్టు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. క్యాన్సర్ కాదని తేలింది. పొర ఇంకా మందం కాకుండా మందులు వాడాలని, ఆరు నెలలకు మళ్లీ స్కాను తీయించుకోవాలని చెప్పారు.

ఆ సాయంత్రమే కంచికచర్లలో ఉన్న అక్క కూతురు సంయుక్తకు ఫోన్ చేసింది. "ఒంట్లో ఏ తేడా కనిపించినా దాచమాకే. నేను వెంట వస్తా" అంది.