కందెన మలుపులో మూగబోయిన కారు

ఏటా మాఘమాసం వచ్చేసరికి మా ఇంట్లో కారం డబ్బా అడుగు కనిపిస్తుంది, మా ఆవిడ రత్తమ్మకి పుట్టింటి మీదికి మనసు మళ్లుతుంది. గుంటూరులో, అదీ మిర్చి యార్డు ఘాటు ఇంట్లోకి కొట్టేంత దగ్గర్లో ఉంటూ, కాయల కోసం ఊరు దాటి పోవడమేమిటని నవ్వేవాళ్లకి ఆవిడ ఒకటే చెబుతుంది: "యార్డులో కాయ ఎవరిదో తెలియదు. మా అన్నయ్య కాయ నాకు తెలుసు." ఎర్ర కల్లాలు కళ్లారా చూడాలనుకునేవాళ్లూ ఈ రోజుల్లోనే రావాలి. పల్నాడు పొలాల్లో అప్పుడు నేల కనపడదు, ఎక్కడ చూసినా ఆరబోసిన మిరపకాయలే. గుంటూరు నుంచి సత్తెనపల్లికి బస్సులు విరివిగా ఉన్నాయి, గంటంబావు ప్రయాణం. అక్కణ్నించి ఆటో మాట్లాడుకోవచ్చు. మాకు సొంత కారు ఉంది. ఆ రోజుకి అదే చిక్కయింది.

తెల్లవారుతుండగా బయల్దేరాం. పేరేచర్ల దాటేసరికి పొగమంచు దిగింది. రోడ్డుకి రెండు వైపులా పత్తి చేలు. ఆఖరి తీతకి కూలీలు దొరక్క వదిలేసిన దూది ఇంకా చెట్లకే వేలాడుతోంది. మంచులో చెట్టు కనపడదు, తెల్లటి ముద్దలు మాత్రం గాల్లో నిలబడి ఉంటాయి. అప్పుడు మొదలైంది, ముందు చక్రం దగ్గర్నుంచి సన్నగా, సాగదీసినట్టు ఒక మూలుగు.

"ఏమండీ, ఎవరో ఏడుస్తున్నట్టు లేదూ?" అంది రత్తమ్మ.

బ్రేకు మీద కాలు వేశాను. ఏడుపు ఆగింది. కాలు తీశాను. మళ్లీ మొదలైంది. మనం చెవి ఒగ్గగానే నోరు మూసుకుని, మాటల్లో పడగానే తిరిగి అందుకునే మనిషిలాగా.

దాని సంగతి నాకు తెలుసు. నేను కారు నేర్చుకున్నది నలభై దాటాక, పాత ఇనుప సామాను కొట్టులో తూకానికి కొన్న పుస్తకం చదివి. అది ఏ కారు పుస్తకమో అట్ట లేదు గనక ఇప్పటికీ తెలియదు. బ్రేకు తొక్కినప్పుడు చక్రంతో తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టేవే ప్యాడ్లు. అవి అరిగిపోవచ్చాక, వాటికున్న చిన్న రేకు నాలుక ఆ పళ్లేనికి రాసుకుని కూస్తుంది. చాలా బళ్లలో బ్రేకు తొక్కితే ఆ కూత ఆగుతుంది. అంటే అది ఏడుపు కాదు, మార్చమని మొర. ఈ మాటే రత్తమ్మకి చెబితే, "తెలిసినంత మాత్రాన ఏడుపు ఏడుపు కాకుండా పోతుందా?" అంది.

సత్తెనపల్లిలో బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ కలిపి నూరు రూపాయల్లోపే. అక్కడి కారప్పొడి గురించి నాలుగు పేజీలు రాయగలను, ఇప్పుడు కాదు. నాకు తెలిసిన మెకానిక్ సుభాని షాపు ఇంకా తెరవలేదు. ఫోన్ చేశాను.

"అరుస్తుందంటే ఇంకా కాస్త బతికుందని బాబాయ్. నిదానంగా పోయి సాయంత్రానికల్లా తీసుకురండి. రేపటికి మాత్రం ఉంచబాకండి," అన్నాడు నిద్ర గొంతుతో.

ఊరికి చేరేసరికి ఎండ రావాల్సిన వేళైంది గానీ రాలేదు. మా బావ కోటయ్య, అంటే రత్తమ్మ అన్న, అరుగు మీద నిలబడి కారు లోపలికి రావడం చూస్తున్నాడు. ఏటా "ఏం బావా, ఇంకా బతికే ఉన్నావా!" అని ఊరంతా వినపడేలా అరిచేవాడు. ఈసారి చక్రం వైపే చూశాడు.

"ఏంది బావా, ఏడ్చుకుంటా వచ్చింది కారు?"

"ప్యాడ్లు అరిగాయి. సాయంత్రం మార్పిస్తా."

"కల్లం మలుపవతల ఉంది."

"ఉంటే?"

బావ లోపలికి పోయాడు. మేం కాఫీ తాగుతున్నంతసేపూ కనపడలేదు. వచ్చేటప్పుడు చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చాడు. రైతు చేతులు కదా, ఏదో పనిలో ఉన్నాడనుకున్నాను.

బావ ముందు సీట్లో, రత్తమ్మ వెనక కూర్చున్నారు. వాకిలి దాటేటప్పుడు బ్రేకు తొక్కితే కారు ఒక జానెడు ఎక్కువ జారినట్టనిపించింది. మంచు తడి అనుకున్నాను. ఊరు దాటి కాలవ గట్టు రోడ్డెక్కాక గానీ ఇంకో సంగతి తోచలేదు. కారు ఏడవడం లేదు.

"ఆగిపోయిందే!" అన్నాను సంబరంగా. బావ రోడ్డు వైపే చూస్తూ, "ఆ," అన్నాడు.

మలుపు మొదట్లో ఒక బండరాయి ఉంది. మోకాలెత్తు ఉంటుంది, పైభాగం నల్లగా నిగనిగలాడుతుంది. దాన్ని కందెన బండ అంటారు. బండి ఇరుసు కిర్రుమనకుండా పూసే నల్లటి జిడ్డే కందెన. వెనకటి రోజుల్లో పత్తి నింపిన బోరేలు వేసుకుని గుంటూరు పోయే ఎద్దుబళ్లు ఇక్కడ ఆగేవట. ఇరుసులకి కందెన పూసి, వేళ్లు ఈ రాయికి తుడిచి, అప్పుడు మలుపు తిరిగేవాళ్లట. ఎప్పుడో ఒక బండి ఎద్దులతో సహా కాలవలో పడిపోయింది. అప్పట్నుంచీ ఇక్కడ ఏ ఇరుసు కిర్రుమన్నా, నీళ్లలోంచి ఇంకో ఇరుసు బదులు పలుకుతుందని, అది వెంటబడి పక్కకొస్తుందని చెబుతారు. వెనక ఏం వినపడినా తల తిప్పకూడదు. ఎద్దుబళ్లు పోయి ముప్పై ఏళ్లయింది. రాయి మీద మాత్రం ఆ రోజు పొద్దున తుడిచిన వేళ్ల గుర్తులు తడిగా ఉన్నాయి.

"ఇంకా ఎవరు పూస్తున్నారు బావా?"

"ట్రాక్టరోళ్లు పూస్తారు. నేనూ పూస్తా."

మలుపు తిరిగాం. మంచు అక్కడ మరీ చిక్కగా ఉంది. ముందు రోడ్డు మీద ఎర్రగా ఏదో పరుచుకుని ఉంది, దాని చుట్టూ మనుషులు కూర్చున్నారు. మిరపకాయ ఏరేవాళ్లు. ఎండెక్కితే కాయ పెళుసై విరుగుతుందని, మంచుకి మెత్తగా ఉన్నప్పుడే రంగు చెడిన తాలుకాయ ఏరి పక్కన పడేస్తారు. ఘాటుకి తల నుంచి మెడ దాకా గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. మొహాల్లేని తెల్లటి ఆకారాలు, మాకు వీపులు పెట్టి, సగం రోడ్డు మీద.

బ్రేకు తొక్కాను. పెడలు గట్టిగానే ఉంది, కిందికి దిగిపోలేదు. కారు మాత్రం వినలేదు. తడి సబ్బుని పట్టుకున్నట్టు జారుకుంటూ ముందుకే పోతోంది.

హారన్ కొట్టాను. ఒక్క తల తిరగలేదు. చెయ్యి తీయకుండా కొట్టాను. ఆ చేతులు కాయలు ఏరుతూనే ఉన్నాయి. ఆ నిమిషంలో నాకు కలిగిన భయం గుద్దేస్తానని కాదు. వాళ్లు అసలు మనుషులేనా అని.

"అమ్మో, ఆపండి!" అని రత్తమ్మ అరిచింది.

అట్ట లేని పుస్తకం అప్పుడు అక్కరకొచ్చింది. గేరు మూడుకి, రెండుకి దించాను. ఇంజను మూలిగి వేగాన్ని పట్టి లాగింది. హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగాను. ఒక్క గుంజు గుంజితే వెనక చక్రాలు బిగుసుకుని కారు తిరిగిపోతుంది. రోడ్డు పక్కన పీకి పేర్చిన పత్తికట్టె వామి కనపడింది. స్టీరింగు అటు తిప్పాను. పుల్లలు విరిగిన చప్పుడుతో కారు ముక్కు దాంట్లోకి దిగి ఆగింది. పక్క అద్దంలోంచి చూస్తే, చివర కూర్చున్న ఆకారం వీపు నా చేతికందేంత దూరంలో ఉంది.

అప్పుడు తిరిగింది ఆ తల. గుడ్డ కిందికి లాగితే మస్తాన్‌బీ. బావ పొలంలో ఏటా ఏరుడు పనికి వచ్చే ముఠాకి పెద్ద.

"ఓరి నాయనో, మా కోటయ్యన్నా!"

"హారన్ వినపళ్లేదా తల్లీ?" అన్నాను.

"వినపడకేం సార్! మలుపు కాడ్నించి ఏం వినపడ్డా తిరగొద్దంటారు గదా. అట్టా మోగేకొద్దీ మేం ఇంకా బిగుసుకుపోయినాం."

బావ కిందికి దిగి చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. చక్రం తడిమి, జిడ్డంటిన వేళ్లు నాకు చూపించాడు. "నేనే పూశా బావా. చక్రం సందుల్లోంచి చెయ్యి పెట్టి ఆ ఇనప పళ్లేలకి రెండు పక్కలా ఆముదం, కందెనా కలిపి పూశా."

"అన్నయ్యా! అదేమన్నా ఎద్దుబండా?" అంది రత్తమ్మ.

"ఏడ్చుకుంటా వచ్చింది గదమ్మా. అట్టా ఏడుస్తా నిన్ను ఈ మలుపులోకి ఎట్టా తీసకపోనిస్తా?"

మస్తాన్‌బీ నీళ్ల సీసా తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. నేను సగం చొక్కా మీద పోసుకున్నాను.

మళ్లీ ఫోన్ చేస్తే, కారు కదల్చొద్దని చెప్పి సుభాని తనే మోటారు సైకిలు మీద సామాను తెచ్చాడు. చక్రం విప్పి చూసి, "బాబాయ్, బజ్జీలేసుకునేంత నూనె ఉంది," అన్నాడు. తర్వాత నవ్వలేదు. నూనె పీల్చిన ప్యాడ్డు ఎంత కడిగినా మళ్లీ పట్టదు, మార్చాల్సిందే. పళ్లేలని జిడ్డు వదిలే మందు కొట్టి తుడిచి, ముందు రెండు చక్రాలకీ కొత్త ప్యాడ్లు వేశాడు. సామానుకీ రానుపోను ఖర్చుకీ కలిపి మూడు వేల లోపే అయింది. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా దూరంగా ఉండగానే మెల్లగా తొక్కమని చెప్పి పోయాడు.

కాయల టిక్కీ, అంటే పెద్ద గోతం, ఎక్కించుకుని, బావని ఇంటి దగ్గర దించుదామని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పొద్దు వాలకముందే బయల్దేరాం. ఆకాశం తేటగా ఉంది, కాలవ మీద ఎండ ఉంది. అద్దాలు దించుకుని మలుపులోకి వచ్చాం.

కిర్రు... కిర్రు... వెనక నుంచి, నీళ్ల వైపు.

"ఏమండీ, ఇంకా మోగుతుందే?" అంది రత్తమ్మ.

బ్రేకు మీద మెల్లగా కాలు వేశాను. చప్పుడు ఆగలేదు. పూర్తిగా తొక్కాను. కారు బుద్ధిగా నిలబడింది. ఇంజను కూడా ఆపేశాను. కిర్రు... కిర్రు... తీరిక మీద, బరువు లాగుతున్న ఇరుసులాగా, కాస్త దగ్గరికొచ్చింది. అద్దంలోకి చూడబోయాను.

"చూడబాక బావా. పోనియ్," అన్నాడు కోటయ్య. పోనిచ్చాను.

ఎక్కడో నీళ్లు తోడే గిలక అయి ఉండొచ్చు. ఆ గట్టున గిలక ఉన్న బావి నేనెప్పుడూ చూడలేదు, అది వేరే మాట. భయం చెప్పిందల్లా అబద్ధమని ఇన్నేళ్లూ వాదించాను. ఆ రోజు మమ్మల్ని చంపబోయింది నీళ్లలోని బండి కాదు, దానికి భయపడి ఒక అన్న చెల్లెలి కోసం పూసిన ఆముదం. తిరగని ఆ తలలు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందుకొస్తున్నాయి. కందెన బండ దగ్గర కారు ఆపి దిగాను. కాయల టిక్కీ ఎక్కించేటప్పుడు చక్రం దగ్గరి మడ్డి నా వేళ్లకి అంటింది, దాన్ని ఆ రాయికి తుడిచాను. చేతులు శుభ్రం చేసుకోవడానికే అని రత్తమ్మకి చెప్పాను. ఆవిడ నమ్మినట్టే తల ఊపింది.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క సంగతి. మీ కారు చక్రాల మీద ఎవరి చెయ్యి పడినా, కడిగినా, పంక్చరు వేసినా, ప్రేమతో పూసినా, రోడ్డెక్కకముందే నడక వేగంలో ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి చూసుకోండి. అరిచే బ్రేకు దానంతటది ఊరుకుంటే సంతోషించకండి, దిగి చూడండి.