కుడివైపు గీతలు

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడాది సంగతి. అమెరికాలోని చాండ్లర్‌లో కార్ డీటెయిలింగ్, అంటే కార్లను లోపలా బయటా పూర్తిగా శుభ్రం చేసే పని, మొదలుపెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. వ్యాన్‌లో నీళ్ళ ట్యాంకు, పాలిషింగ్ మెషీన్ వేసుకుని ఇళ్ళకే వెళ్ళేవాణ్ణి. గిన్నెలు తోమే సబ్బుతో కారు కడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే రిటైరైన ఒక డాక్టరుగారంటే ఇష్టం, ఆయనా తెలుగువారే. రోజూ తిరిగే పాత సెడాన్‌కి నెలనెలా నాచేత వాక్స్ వేయించేవారు.

ఆ వేసవిలో కుడివైపు తలుపు మీద ఒక గీత కనిపించింది. గీతలో ఎర్రరంగు. తగిలినదాని రంగు మన కారుకి అంటుకుంటే పెయింట్ ట్రాన్స్‌ఫర్ అంటాం.

"ఎవరో షాపింగ్ కార్ట్ తోసేశారయ్యా," అన్నారు.

మరుసటి నెల అదే వైపు తెల్లరంగు. ఆపై నెల పసుపు, పార్కింగ్‌లో సిమెంటు స్తంభాలకు వేసే పసుపు.

"డాక్టర్ గారూ, ఓసారి కళ్ళు చూపించుకోండి," అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. "చూపించుకున్నానయ్యా. కుడి పక్క సరిగా ఆనడం లేదు. రేపు మా అమ్మాయి టూసాన్ నుంచి వస్తోంది. ఇది చూసిందంటే కీస్ లాగేసుకుంటుంది. ఈ ఊళ్ళో కారు లేకపోతే ఇంట్లో ఖైదీనే కదా. నీ చేతిలో పని, పోగొట్టెయ్."

జాలేసింది. అబద్ధమెందుకు, నా పనితనం మీద గర్వం కూడా ఉంది. కాంపౌండ్ అనే గరుకు పాలిష్‌తో తలుపు నిగనిగలాడేలా చేశాను. ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చి, "కొత్త కారులా చేశావు నాయనా," అని మురిసిపోయారు. అమ్మాయి వచ్చే ముందు రోజే నన్ను పిలిచేవారు. అలా ఐదు నెలలు గీతలు పోగొట్టాను.

ఆరో నెల ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల.

"అంకుల్, ఈ మంత్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయండి. రైట్ సైడ్ నుంచి ట్రక్ వచ్చింది. నాన్న చూడలేదు. నాన్న ఓకే. అమ్మ చనిపోయింది."

ఇక్కడ డ్రైవరు సీటు ఎడమవైపు; ఆమె కూర్చునేది ఆ కుడివైపు సీట్లోనే.

"నాకు అర్థం కావట్లే అంకుల్. వచ్చినప్పుడల్లా కార్ చెక్ చేశా. ఒక్క స్క్రాచ్ లేదు. నాన్న బాగా డ్రైవ్ చేస్తున్నాడు అనుకున్నా. మీరేమైనా చూశారా?"

"లేదమ్మా," అన్నాను.

ఇప్పుడు ఏ గీతైనా ఎలా పడిందో తెలిసేదాకా మెషీన్ బయటికి తీయను. పెద్దవాళ్ళ కారైతే ఇంట్లోవాళ్ళను పిలిచి చూపిస్తాను. నీకెందుకని విసుక్కుని కొందరు నన్ను పిలవడం మానేశారు. మానేయనివ్వండి. ఆ అమ్మాయికి మాత్రం ఇంకా నిజం చెప్పలేదు.