ఘటసర్పమా, తోడు వచ్చే ఆత్మా?

పోయిన మంగళవారం పొద్దున నగరిలో మా బావ ప్రభువునందు నిద్రించాడు. మా అక్క భర్త, మరమగ్గాల మెకానిక్కు. ఆయనకు సమాధి ప్రార్థన చేయవచ్చునా అని సంఘ పెద్దలు సందేహించారు. ఆ సందేహం పుట్టించినవాణ్ణి, సంఘంలో ప్రసంగాలు చేసే నేనే.

ఆదివారం మధ్యాహ్నం మగ్గాలు ఆగినాక బావ షెడ్డులో ఒక ఆట నడిపేవాడు. తాను కథ చెబుతాడు. నలుగురు నేతగాళ్లు వీరులై, పాచికలు వేస్తూ కథలో ముందుకు పోతారు. నూలు అయిపోయిన కండెలే బొమ్మలు. ప్రతి వీరుడూ ఒక తోడును కోరుకోవాలి: డ్రాగనో, దారి చెప్పే ఆత్మో. డ్రాగనంటే బైబిల్లో ఘటసర్పం, అంటే సాతానే గదా, ఆత్మలను విచారించడం నిషేధమే గదా! లేఖనం చేతబట్టి వేదికెక్కి, బావ పేరు చెప్పి మరీ, అది దయ్యాల ఆటని గర్జించాను.

మరునాడు బావ మా ఇంటికొచ్చి, ఎప్పటిలాగే వేడినీళ్లు అడిగి తాగాడు. "సూసి తిట్టు బామ్మర్దీ. సూడకుండా తిడితే గొంతు నొప్పే మిగిలేది."

మరుసటి ఆదివారం షెడ్డుకు వెళ్లాను. రెంటిలో ఘటసర్పమే నయమనుకున్నాను, కనీసం జంతువు! నా డ్రాగన్ ఒక్క ఊపిరితో శత్రువుల కోటను కాల్చేసింది. పక్కనున్న నేతగాడు తల పట్టుకున్నాడు. అతను తోడుగా కోరుకున్న ఆత్మకు కత్తీ లేదు, నిప్పూ లేదు. అడిగితే ఉన్నది చెబుతుంది, అంతే.

"ఒగ మాట అడిగేదాకా ఆగలేకపోతివే అయ్యా!"

"ఏముండాది లోపల?" అన్నాను.

ఆత్మ తరఫున బావే చెప్పాడు. "కోటలో మనోళ్లను పదిమందిని కట్టేసి ఉండారు." కండెలను పక్కకు తీసి, "ఇప్పుడు లేరు" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"డ్రాగన్‌కు బలముండాది బామ్మర్దీ. కాల్చకూడనోళ్లు యాడుండారో దానికి తెల్దు."

ఆ సాయంత్రమే ఆయన గుమ్మంలో తప్పు ఒప్పుకున్నాను. వేదిక మీద ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ ఏడాది దాటించాను. బావ ఒక్కసారీ గుర్తు చేయలేదు. ఇది చదివే మీలో ఆనాటి ప్రసంగం విన్నవారుంటే, దయచేసి ఇదీ వినండి.

"నువ్వే గదప్పా దయ్యాలాటంటివి. ఇప్పుడెట్ట ప్రార్థన చేస్తాము?" అన్నాడు సంఘ పెద్ద, బావ పోయిన రోజున.

పెట్టె పక్కన నిలబడి అందరూ వినేలా చెప్పాను. "తప్పు నాదప్పా. సూడకముందే నోరు పారేసుకుంటి. నన్ను వేదిక దించండి, మా బావను మాత్రం ప్రార్థన లేకుండా పంపొద్దండి."

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పద అబ్బా, పాటెత్తు."

ఆ నలుగురు నేతగాళ్లు మా పాటలు ఎరగరు. గుంట పక్కన నిలబడి, మా పెదవులు చూస్తూ, మాకంటే ఒక మాట వెనకగా పాడారు. పాట అయిపోయి మేము ఆపేశాం. వాళ్ల చివరి మాట ఒక్కటే, కాస్త ఆలస్యంగా, ఆ కొత్తమట్టి మీదికి వచ్చింది.