బిగించిన కొద్దీ వదులైన గేరు రాడ్డు

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. ఆత్మకూరు దాటి నల్లమల వైపు పోయే దారిలో, ఒక చిన్న ఊరి పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా చేరాను. చేతిలో మా మేనమామ వాడి వాడి విసుగెత్తి నాకిచ్చిన మోటారు సైకిలు, చొక్కా జేబులో పెన్ను, పెన్ను పక్కన పదో నంబరు పానా. (పానా ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని చాలా రోజులు ఎదురుచూశాను. ఒక్కరూ అడగలేదు.) బండి మంచిదే గానీ గేరు రాడ్డు వదులు. కాలితో తొక్కితే గేరు పడేది, కాకపోతే కాసేపు ఆలోచించుకుని పడేది.

బస్టాండు పక్కన షెడ్డు వేసుకున్న మెకానిక్‌ను ఊరంతా ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన కూర్చున్న చోటు నుంచే రాడ్డును రెండు వేళ్ళతో అటూ ఇటూ ఆడించి చూసి, "సార్, లోపల పళ్ళు అరిగిపోయినాయి. బిగిస్తే నిలబడేది కాదిది. కొత్త రాడ్డు ఎయ్యాల. ఊరికే బోల్టు తిప్పుతాంటే దాని మర చుట్లు కూడా పోతాయి, జాగ్రత్త" అన్నాడు. అలాగేనని తల ఊపి ఇంటికి వచ్చి, ఫోనులో ఎవరో చేసిన వీడియో ఒకటి చూశాను. పూర్తిగా కాదు, సగం. మిగతా సగం నాకు తెలుసనిపించింది. ఆదివారం పొద్దున అరుగు మీద బండి పెట్టి, రాడ్డు ఊడదీసి, ఇనుముకు గ్రీజు ఎంత పూస్తే అంత మంచిదన్న నా సొంత సిద్ధాంతం ప్రకారం ఆ అరిగిన పళ్ళ నిండా గ్రీజు పట్టించి, మళ్ళీ తొడిగి బోల్టు బిగించాను. మొదట గట్టిగా తిరిగింది. నేనూ బలమంతా పెట్టాను. ఎక్కడో కిర్రుమంది. ఆ తర్వాత హాయిగా, తేలిగ్గా తిరగడం మొదలుపెట్టింది. ఇంకా తిరుగుతోందంటే ఇంకా బిగుస్తోందనే నా లెక్క. చాలనిపించినప్పుడు ఆపి, చేతులు కడుక్కుని, కడుపునిండా భోంచేసి పడుకున్నాను.

సోమవారం ఆసుపత్రి తలుపు తీసీ తీయకముందే ఫోను మోగింది. కొండవారనున్న పల్లె నుంచి ఒక పెద్దమ్మ. ఉన్నది ఒకటే ఎనుము, ఆ గేదె పాల మీదే ఇల్లు నడిచేది. "సార్, తెల్లారినప్పట్నుంచి నొప్పులు పడతాండాది. కాళ్ళు కనపడతాండాయి గానీ దూడ రాల్యా. ఎట్లన్నా అమ్మను పిల్చకరాండి" అని ఏడుపు గొంతుతో చెప్పింది. అమ్మ అంటే మా డాక్టరమ్మ. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. జీపు పొద్దున్నే క్యాంపుకు వెళ్ళిపోయింది. ఆమె మందుల పెట్టె చేతిలోకి తీసుకుంటూ, "నీ బండి పోతాదాప్పా?" అని అడిగింది.

"పోతాది మేడం. నిన్ననే నేనే రిపేరు చేసినా."

"అందుకే అడుగుతాండా" అని వెనక కూర్చుంది.

నాలుగు మైళ్ళు బండి గాలిలో తేలినట్టే పోయింది. నేను గేర్లు మార్చినప్పుడల్లా ఆమె ముఖం అద్దంలో చూస్తూ, ఒక మెచ్చుకోలు మాట కోసం చెవులు రిక్కించాను. పల్లె ముందర ఎత్తు మొదలైంది. టాప్ గేరులో ఉన్న బండి గుక్క పట్టింది. గేరు తగ్గిద్దామని తొక్కాను. రాడ్డు మెత్తగా కిందికి పోయింది, గేరు మాత్రం కదల్లేదు. పైకి లాగాను. అదీ మెత్తగానే వచ్చింది. నా ఎడమ కాలు కుట్టు మిషను తొక్కుతున్నట్టు పైకీ కిందికీ ఆడుతోంది, ఇంజను నాలుగు దగ్గులు దగ్గి సరిగ్గా ఎత్తు మధ్యలో ఆగిపోయింది. టాప్ గేరులో ఇరుక్కున్న బండిని ఎత్తులోకి తోసి స్టార్టు చేయడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. చుట్టూ ఎండిన కంది చేలు, ఎర్రటి ఎండ. అప్పుడే మళ్ళీ ఫోను. "యాడుండారు సార్? ఎనుము కింద పడిపాయ, లెయ్యలేకుండాది." "వస్తాండాం పెద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. పొద్దున్నుంచి మొదటిసారి భయం వేసింది.

డాక్టరమ్మ కొంగు నడుముకు చెక్కి బండి పక్కన గొంతుక్కూర్చుంది. రాడ్డు పట్టి లాగితే చేతికి వచ్చేసింది. లోపలికి చూసి, వేలితో గ్రీజు తీసి, ఆ వేలు నా వైపు చూపించింది. "ఎవరప్పా పూసింది, ఇంత నెయ్యి?" ఆమె పెట్టె తెరిచి, దూది స్పిరిట్‌లో ముంచి, పుండు కడిగినంత శ్రద్ధగా ఆ పళ్ళన్నీ తుడిచింది. ఖాళీ మందు సీసా మూతి మీది పలుచని రేకు ఒలిచి, గేరు ఇరుసు చుట్టూ చుట్టి, దాని మీద రాడ్డు తొడిగింది. బోల్టు తిప్పి చూసింది. "మర పాయ. యెనక నంబరు ప్లేటు బోల్టు, నట్టు ఊడదియ్. పానా ఉండాదా?"

ఎట్టకేలకు నా పానా గురించి ఒకరు అడిగారు. కానీ దానికి నేను కలలుగన్న సందర్భం ఇది కాదు.

బోల్టు ఇటు నుంచి దూర్చి, అటు పక్క నట్టు పెట్టి, ఆమె కొలిచినట్టు బిగించింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. చేత్తో రాడ్డు నొక్కితే గేర్లు టకటకా దిగాయి. "మా నాయిన మంగంపేట ముగ్గురాయి గనుల్లో లారీ తోలుతాండె. నేను బండ్ల కిందనే పెరిగినా" అని, తాళం చెవి కోసం చెయ్యి చాపింది. "నువ్వు యెనక కూర్చో."

ఆ విధంగా నేను ఒడిలో మందుల పెట్టె, చేతిలో నంబరు ప్లేటు పట్టుకుని పల్లెలో ప్రవేశించాను. అరుగుల మీది వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. (గౌరవంతో కాదని వేరే చెప్పనక్కర్లేదు.) కానీ నవ్వే సమయం లేదు. ఎనుము కళ్ళు తేలేసి ఉంది. డాక్టరమ్మ భుజం దాకా చెయ్యి పెట్టి, "తల పక్కకు తిరిగుండాది, సరి చేస్తా, నేను చెప్పినప్పుడు లాగు" అంది. నేను దూడ కాళ్ళకు కట్టిన తాడు పట్టుకుని, ఆమె ముఖం మీదే చూపు పెట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. "ఇప్పుడు" అంది. లాగాను. "ఆపు." ఆపాను. "మళ్ళా." ఆ రోజు నేను ఎవరి మాటైనా సగం కాకుండా పూర్తిగా విన్నది అప్పుడే. తడిసి ముద్దయిన పెయ్యదూడ గడ్డి మీద పడి, ఒక క్షణం కదలకుండా ఉండి మా ప్రాణాలు తోడేసి, గట్టిగా తుమ్మింది. పెద్దమ్మ అక్కడే కూలబడి దూడ ముక్కు తన కొంగుతోనే తుడిచింది. ఎనుము మెల్లగా తలెత్తి దూడను నాకింది. తర్వాత మా ఇద్దరికీ మజ్జిగ ఇస్తూ నన్ను జాలిగా చూసి, "నీకు బండి తోలను రాదా నాయినా? నేర్చుకో, శానా అవసరం" అంది. డాక్టరమ్మ మజ్జిగ గ్లాసులో ముఖం దాచుకుంది. అప్పటి నుంచి ఆ పల్లెలో నేను 'నంబరు సారు'ని.

మర్నాడు ఉస్తాద్ కొత్త రాడ్డు వేస్తూ, ఇరుసు మీది గాడికి బోల్టు ఎదురుగా రావాలని, పళ్ళు పొడిగా శుభ్రంగా ఉండాలని, వారానికోసారి చేత్తో ఆడించి చూసి కాస్త కదిలినా అప్పుడే బిగించాలని, అదీ ఆగినచోట ఆపాలని చెప్పాడు. అన్నీ విన్నాను. అన్నీ చేశాను. ఆ రాడ్డు బండి ఉన్నంత కాలం ఊడలేదు.

డాక్టరమ్మ రిటైరై ఇప్పుడు రాయచోటిలో ఉంటోంది. మొన్న ఫోను చేసి, ఏ బండి వాడుతున్నావని అడిగింది. గేర్లు లేని స్కూటరు కొన్నానని చెప్పాను. "మంచి పని చేసినావప్పా, అందరం బతికినాం" అని ఫోనులో చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు నేను ఏ ఊరికి బయలుదేరాలన్నా టైర్లు చూసుకుంటాను, బ్రేకులు చూసుకుంటాను, అంతా బాగుందని తెలిసినా ఇంకోసారి చూసుకుంటాను. అప్పటి ఆ కుర్రాడు మాత్రం ఎవరో పిలిచారని తెలిస్తే చాలు, ఏమీ చూసుకోకుండా 'పోతాది మేడం' అనేసేవాడు. వాడి మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. ఒక్కోసారి, వాడి వెనక ధైర్యంగా ఎక్కి కూర్చోవాలనిపిస్తుంది.