ఒంటిగా వచ్చినోళ్ళ ఫోటో

గురువారం పొద్దున అత్త ఫోన్ చేసింది. "పాపా, మీ మామ నిద్ర లేయలేదు" అనింది. అంతే. నేను అనంతపురంలో బస్సెక్కి బత్తలపల్లె చేరేసరికి స్టూడియో షట్టరు ముందు జనం నిలబడి ఉన్నారు. ఆకాశం మూడు రోజులుగా నల్లబడి, కురవకుండా అట్లే ఆగి ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు. ఆ రోడ్డు మీద ఫోటో స్టూడియో నడిపినాయన. మా పల్లెలో అందరికీ స్టూడియో మామ, నాకూ అంతే. డిగ్రీ అయిపోయి ఊరికే ఉన్న ఏడాది "నాకు నేర్పిస్తావా మామా" అని అడిగితే, బీరువాలోంచి ఒక చిన్న కెమెరా తీసి నా మెడలో వేసినాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన డిజిటల్ ఎస్సెల్లార్. బరువు తక్కువ, మీటలు తక్కువ.

"ఈ చక్రం మింద పచ్చ గుర్తు చూసినావా? దాని మింద పెడితే అంతా కెమెరానే చూసుకుంటాది. నడక నేర్చే బిడ్డకు చెయ్యి పట్టుకున్నట్ల. అయితే ఎన్నాళ్ళు పట్టుకుంటావు పాపా?" అన్నాడు. నెల తిరక్కుండానే నన్ను పచ్చ గుర్తు నుంచి తప్పించినాడు. లెన్సు నంబరు తగ్గిస్తే వెనకున్నదంతా మసకైపోయి మనిషి ఒక్కడే తేటగా కనపడతాడని చూపించి, "మనిషిని ఒంటిగా మిగిలిచ్చేటప్పుడు జాగర్త" అన్నాడు. అదేదో ఫోటో సంగతి అనుకున్నాను.

వెలుతురు చాలకపోతే కెమెరా నెత్తిన చిన్న ఫ్లాష్ దానంతటదే టక్కున లేచేది. మామకు అది గిట్టదు. వేలితో అణిచేసేవాడు. "మొగాన టార్చి కొడితే కంట్లో ఏముండాదో యాడ కనపడతాది?" వచ్చినవాళ్ళను వాకిలి పక్కన, వెలుతురు పడేచోట స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. ఫోటో తీసినాక కెమెరా వెనకున్న చిన్న తెర మీద మొహాన్ని పెద్దది చేసి, కళ్ళ దగ్గర ఆపి, చాలాసేపు చూసేవాడు. ఫోకస్ సరిచూసుకుంటున్నాడనుకునేదాన్ని.

ఆ ఏడు శనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే పొద్దుకు వాన ముఖం చాటేసింది. చేలు పైనుంచి పచ్చగానే ఉన్నాయి, పెరికితే కింద ఏమీ లేదు. ఆ వారంలో తనకల్లు దిక్కు నుంచి ఒకాయన ఒక్కడే వచ్చినాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. "పెద్ద సైజు కావల్లన్నా, ఫ్రేము కట్టించేకి" అన్నాడు. మామ ఫోటో తీసి, తెర చూసి, "కార్డు చెడిపోయినట్లుండాది. రేపు ఇంట్లోళ్ళను పిల్చుకోని రా అన్నా, అందరికీ తీస్తా. నీ ఫోన్ నంబరు ఇచ్చి పో" అన్నాడు.

ఆయన పోయినాక నేను అడిగినాను. "కార్డు బాగానే ఉంది కదా మామా. అబద్ధం ఎందుకు?"

మామ కుర్చీలో కూర్చున్నాడు. "చానా ఏండ్ల కిందట ఇట్లాంటి కరువులోనే ఒకడొచ్చినాడు. నవ్వుతానే దిగినాడు. పెద్ద సైజు అడిగితే మంచి ఫ్రేము కట్టిచ్చినా. నాలుగో రోజు వాళ్ళింటికి పోతే, దానికి దండ ఏసినారు. నేను కట్టిచ్చిన ఫ్రేమే పాపా. వాని కంట్లో అంతా ఉండాది. నేనే చూడలేదు." కెమెరాను బల్ల మీద పెట్టి, "అప్పట్నుంచి ఒంటిగా వచ్చినోళ్ళకు పెద్ద సైజు ఇయ్యను" అన్నాడు. ఆ సాయంత్రమే తనకల్లు ఆయన భార్యతో ఫోన్లో మాట్లాడినాడు. మరుసటి రోజు వాళ్ళు పిల్లలతో సహా వచ్చినారు.

తొమ్మిది రోజులకు నేను ప్రింట్లు తెచ్చేందుకు ధర్మవరం పోయి మధ్యాహ్నానికి తిరిగొస్తే షట్టరు మూసి ఉంది. పక్కన టీ అంగడి ఆమె తాళం ఇచ్చింది. "మీ మామ ఎవరో ఒకాయనను బండి మీద కూచోబెట్టుకోని పోయినాడు" అనింది. లోపల చిన్న కెమెరా బల్ల మీదుంది. చివరి ఫోటో ఏదో చూద్దామని మీట నొక్కినాను.

మా నాయన.

పెండ్లిళ్ళకు మాత్రమే వేసుకునే చొక్కా. మెడ దాకా గుండీలు. ఒక్కడే. మొహం పెద్దది చేసి చూసినాను. ఆ కళ్ళు నన్ను చూస్తున్నట్టు లేవు, నా వెనక ఇంకేదో చూస్తున్నట్టున్నాయి. ఆటో దొరికేదాకా రోడ్డు మీద పరిగెత్తినాను. మా ఊరికి ఆ నాలుగు మైళ్ళూ ఎట్లా పోయినానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఇంటి అరుగు మీద మామ, నాయన పక్కపక్కన కూర్చొని ఉన్నారు. అమ్మ ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. ఇద్దరికీ సంగటి పెట్టింది. నాయన ముద్ద చేతిలో పట్టుకొని తినకుండా ఉన్నాడు.

"తిను అన్నా. నువ్వు తిన్యాంకనే నేను లేసేది" అంటున్నాడు మామ.

నాయన నా వైపు చూడలేక తల వంచుకున్నాడు. "మీ మామకు చెప్పేసినా పాపా. అంతా చెప్పేసినా" అన్నాడు.

మామ ఆ రోజు పొద్దుగూకేదాకా లేయలేదు. మరుసటి రోజు నాయనను అనంతపురంలో డాక్టరు దగ్గరికి పిల్చుకుపోయినాడు, ఆ తర్వాత కూడా నెలనెలా. చేను ఆ ఏడు పోయింది. నాయన నిలిచినాడు. గురువారం మామ పాడెకు ముందు భుజం పట్టింది ఆయనే.

నెల కిందట మామ నాకు ఫోన్ చేసినాడు. "చిన్న కెమెరా తీసుకోని రా పాపా. నాకొక పెద్ద సైజు ఫోటో తియ్యల్ల." దొరికిన బస్సెక్కి పోయినాను. నా మొహం చూసి నవ్వినాడు.

"అట్ల చూడాకు. నా అంతట నేను పోయేవాణ్ణి కాదు. గుండె చెడిపోయిందంట. ఆపరేషన్‌కు తట్టుకోదన్నారు. మీ అత్తకు తెలీదు. చెప్పాకు." తర్వాత లోపలికి కేకేసినాడు. "ఏమే, నువ్వూ రా. నేను ఒంటిగా దిగను."

అత్త చీర మార్చుకొని వచ్చి, కుర్చీలో కూర్చున్న ఆయన పక్కన నిలబడింది. ఒకటే ఫోటో తీసినాను. మామ తెర చూడలేదు. "నువ్వు చూసుకో చాలు" అన్నాడు. నేనూ ఆ పొద్దు ఆయన మొహం చూసే ధైర్యం లేక కెమెరా మూసేసినాను.

గురువారం సాయంత్రం ఫ్రేముకు మామ ఫోటో కావాలని ఇంట్లోవాళ్ళు అడిగితే, దాన్ని తెరిచి పెద్దది చేసినాను. మామ నేరుగా నన్నే చూస్తున్నాడు, బెదురు లేకుండా. తెరను పక్కకు జరిపినాను. అత్త కెమెరా వైపు చూడటం లేదు. మామనే చూస్తోంది. ఆమెకు అప్పటికే తెలుసు. కుర్చీ వెనక నుంచి ఆమె చెయ్యి మామ చొక్కా అంచును పట్టుకొని ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా.