తుడిచే ముందు చూసిన తడి

2022వ సంవత్సరం, చలికాలం. మహబూబ్‌నగర్ ఊరి చివర ఒక ఇండోర్ హాలు. పైన రేకుల కప్పు, కింద చెక్క నేల, రెండు కొసలకు రెండు బాస్కెట్లు. అక్కడ నేను మాపర్‌ని. ఆడేవాళ్ల చెమట నేల మీద పడుతుంది, దాని మీద కాలు వేస్తే జారిపడతారు. అందుకని బాస్కెట్ వెనక మాపు కర్ర పట్టుకుని కూర్చుంటాను. ఆట ఆగీ ఆగగానే ఉరికి వెళ్లి, తుడిచి, మళ్లీ ఉరికి రావాలి. నా పేరు యాదమ్మ. సంతకం వరకే నా చదువు. నేను చెబుతుంటే మా హాలు ఆఫీసు అమ్మాయి రాస్తోంది.

మాది నారాయణపేట దిక్కు పల్లె, చేనేత కుటుంబం. మా ఆయన నేసేవాడు, నేను పడుగు పని, అంటే మగ్గానికి నిలువు పోగులు సిద్ధం చేసే పని చూసేదాన్ని. ఆయన పోయాక మగ్గం ఆగింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఈ పనిలో చేరాను. మొదటి రోజే వాకిలి కడిగినట్టు నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి, చీపురుతో రుద్ది రుద్ది కడిగాను. తెల్లారేసరికి చెక్కలు ఉబ్బి లేచాయి. హాలు మేనేజరు తల పట్టుకున్నాడు. "ఇది నీ వాకిలి కాదమ్మా, ముగ్గు గూడ ఏస్తవా ఏంది?" అన్నాడు. నిజం చెప్పాలంటే, వేద్దామనే అనుకున్నాను.

ఆ చలికాలంలో జీతానికి ఆడే ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ పోటీలు మా హాల్లో జరిగాయి. మా జిల్లా పేరు మీద ఒక టీము ఉండేది. అందులో కమల అందరికంటే పెద్దది. కట్టంగూరు పిల్ల, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ముప్పై ఆరేళ్లు, కుడి మోకాలికి ఎప్పుడూ పట్టీ. పదహారేళ్లుగా ఆడుతోంది, ఒక్క కప్పు కూడా చేతికి రాలేదు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది.

కమల పాయింట్లు పెద్దగా కొట్టదు. ఆమె పనంతా డిఫెన్స్, అంటే అవతలి వాళ్లను మన బాస్కెట్ దగ్గరికి రానీయకుండా అడ్డుకోవడం. ఆట ముగిశాక పాయింట్ల కాగితంలో ఆమె పేరు పక్కన రెండో, నాలుగో ఉండేవి. జడ్చర్ల నుంచి వచ్చిన శ్రావ్య అనే పొడుగుపిల్ల పేరు పక్కన మాత్రం ఇరవై. ఇరవయ్యేళ్ల పిల్ల, ఎక్కడ నిలబడి విసిరినా బాల్ బాస్కెట్‌లో పడాల్సిందే. కోచ్ సంతోష్ సారు మంచివాడే. కానీ ఆయన కళ్లు ఎప్పుడూ ఆ కాగితం మీదే.

ఫైనల్‌కు ముందు రోజు పొద్దున నేను బెంచీలు తుడుస్తున్నాను. సంతోష్ సారు కమలను పక్కకు పిలిచాడు.

"కమలా, రేపు నీ జాగల శ్రావ్యను దించుతున్న. నువ్వు బెంచి మీద ఉండు."

"ఎంతసేపు సార్?"

"ఆటంతా. వచ్చే ఏడు గూడ కొత్తోళ్లనే తీస్కుంటం. నువ్వు ఫికర్ వెట్టుకోకు, మంచిగనే సాగనంపుతం."

కమల గొడవ చేయలేదు. "గెల్సినా ఓడినా ఆడి పోవాలనుకున్న సార్," అని మాత్రం అంది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, మోకాలి పట్టీ విప్పి మళ్లీ కట్టుకుంది.

"ఏందే, అట్లున్నవ్?" అన్నాను.

"ఏం లేదు పెద్దమ్మా. రేపటి సంది నీకు పని తక్కువైతది."

ఆమె ఊరికే అన్న మాట అది. నాకు మాత్రం చురుక్కుమంది, ఎందుకంటే అది నిజం. కమల ఆడిన రోజు నా మాపు గుడ్డ రెండుసార్లు పిండాల్సి వచ్చేది. ఆడని రోజు ఒకసారి కూడా అక్కర్లేదు. ఏడేళ్లలో ఎన్నో టీములను చూశాను. గెలిచే టీము తన బాస్కెట్ కింద నేలను తడిపేస్తుంది. ఓడే టీము బాస్కెట్ కింద నేల పొడిగా ఉంటుంది. నేను పాయింట్లు లెక్కపెట్టకపోయినా ఎవరు గెలుస్తారో గుడ్డ చెప్పేది. ఈ మాట ఎవరికైనా చెప్పాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

ఆ పొద్దునే వాళ్లు రెండు జట్లుగా విడిపోయి ప్రాక్టీసు ఆడారు. కమల జట్టు ఒక బాస్కెట్‌ను కాపాడింది, శ్రావ్య జట్టు ఇంకోదాన్ని. పది నిమిషాలయ్యాక సారు కాగితం చదివాడు: శ్రావ్యకు పన్నెండు, కమలకు రెండు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మాపు పట్టుకుని దిగాను గానీ, తుడవకుండా సారును పిలిచాను.

"సారూ, జర ఇటు రా. ఒక్కసారి ఈడ కూసో."

"ఎందుకమ్మా?"

"కూసో చెప్త. కుర్చీల గాదు, నేల మీద."

పిల్లలందరూ నవ్వారు. సారు కూడా నవ్వుతూనే కోర్టు కొసన గొంతుక్కూర్చున్నాడు. మగ్గం ఉన్న రోజుల్లో మేము వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించేటప్పుడు తెగిన పోగును వెతకాల్సి వచ్చేది. నిలబడి చూస్తే వెయ్యి పోగుల్లో అది కనబడదు. కూర్చుని, తల వంచి, వెలుతురుకు ఎదురుగా పడుగు వెంబడి చూడాలి. అప్పుడు తెగిన పోగు దానంతట అదే మెరుస్తుంది. హాల్లో తూర్పు కిటికీల నుంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. సారు తలను చేత్తో కొంచెం కిందికి వంచాను. అంత చనువు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఏం కనబడ్తాంది?"

ఆయన నవ్వు ఆగిపోయింది. కమల కాపాడిన బాస్కెట్ కింద నేలంతా గీతలే. అడ్డంగా జారిన అడుగుల జాడలు, దువ్వెనతో దువ్వినట్టు. చెమట చుక్కలు. ఒకచోట వీపు ఆన్చి పడిన జాడ, చాపంత. అవతలి కొసన శ్రావ్య నిలబడిన చోట రెండు పాదాల గుర్తులు, అంతే. బాల్ ఎప్పుడు తన చేతికి వస్తుందా అని అక్కడే నిలబడి చూసింది ఆ పిల్ల.

"మరి పాయింట్లు ఎవరు కొట్టాలె అమ్మా?" అన్నాడు సారు.

"కొట్టెటోళ్లను కొట్టనీ. అవతలోళ్లు కొట్టకుంట ఆపెటోళ్లు గూడ ఉండాలె గద."

 సారు జేబులోంచి కాగితం తీసి ఒకసారి చూసి, మళ్లీ మడిచి పెట్టుకుని వెళ్లిపోయాడు.

మరుసటి రోజు సాయంత్రం ఫైనల్. అవతల పట్నం టీము. మా సారు శ్రావ్యనే దించాడు. కమల బెంచి మీద, మోకాళ్ల మీద తువ్వాలు వేసుకుని కూర్చుంది. శ్రావ్య బాగానే కొట్టింది గానీ, అటువైపు తొమ్మిదో నంబరు అమ్మాయి అంతకు రెండింతలు కొట్టింది. ఆపేవాళ్లు లేరు. సగం ఆట అయ్యేసరికి మావాళ్లు తొమ్మిది పాయింట్లు వెనకబడ్డారు. మా బాస్కెట్ కింద నేల అద్దంలా పొడిగా ఉంది. విరామంలో సారు నా దిక్కు చూశాడు. నేను పొడి గుడ్డను ఎత్తి చూపించాను.

"కమలా, లే. శ్రావ్యా, నువ్వు జర కూసో," అన్నాడు.

కమల నేరుగా పోయి తొమ్మిదో నంబరుకు ఎదురుగా నిలబడింది. ఆ అమ్మాయి ఊపిరి తగిలేంత దగ్గరగా.

"ఏం చెల్లె, కుడి దిక్కు పోతవా? పో. నేను ముందుగాల్నే ఆడ ఉంట."

"అక్కా, నీ మోకాలు జర పైలం!"

ఆ పిల్ల కుడికే పోయింది. ప్రతిసారీ అటే పోతుందని కమల ఎప్పుడో కనిపెట్టింది. బాల్‌తో దూసుకొచ్చేవాళ్ల దారిలో ముందే నిలబడితే, వాళ్లు వచ్చి గుద్దుకున్నప్పుడు తప్పు వాళ్లదవుతుంది, బాల్ మనకు వస్తుంది. దాన్ని ఛార్జ్ అంటారు. కమల రొమ్ము మీద ఆ దెబ్బ తీసుకుని వెల్లకిలా పడింది. విజిల్ మోగింది. నేను ఉరికాను.

"మంచిగ తుడువు పెద్దమ్మా," అంది లేస్తూ. "మల్ల గీడనే పడ్త."

అన్నట్టే అక్కడే పడింది. రెండోసారి కూడా బాల్ మాకే వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదో నంబరు అటు రావడానికి వెనకాముందు ఆడింది. ఆమె ఆలోచించుకునే ఆ ఒక్క క్షణంలో కమల ఆ పిల్ల చేతిలోంచి బాల్ గుంజుకుని ఉరికింది. ఆ మోకాలితో అంత ఉరుకు ఎలా ఉరికిందో! చివరి క్వార్టర్‌లో సారు శ్రావ్యను కూడా కమల పక్కన దించాడు. కమల అరుపులు బయట రోడ్డు దాకా వినిపించి ఉంటాయి.

"వంగు పిల్లా, వంగు! నిలవడి సూస్తే బాల్ నీ కాడికి నడ్సుకుంట రాదు!"

శ్రావ్య వంగింది. కమల గుంజుకున్న బాల్ శ్రావ్యకు, శ్రావ్య చేతిలోంచి బాస్కెట్‌కు. తేడాను ఒక్కొక్క పాయింటే తగ్గిస్తూ వచ్చారు. చివరికి మావాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు, బాల్ మాత్రం పట్నం వాళ్ల దగ్గర. తొమ్మిదో నంబరు ఈసారి ఎడమకు తిరిగింది. కమల మోకాలు తిరగలేదు, ఒక అడుగు వెనకబడింది. నా ప్రాణం పోయిందనుకున్నాను. కానీ అక్కడ శ్రావ్య ఉంది. నడుము వంచి, అడ్డంగా జారుతూ, పొడుగు చేతులు రెండూ పైకెత్తి. ఆ అమ్మాయికి విసిరే సందు దొరకలేదు. ఆట ముగిసిన బెల్లు మోగింది.

అరుపులు, ఏడుపులు, ఫొటోలు అన్నీ అయ్యాయి. కప్పు ఫొటోలో నేను లేను గానీ, నా మాపు కర్ర ఒక మూలన ఉంది. జనం సర్దుమణిగాక తుడవడానికి దిగాను.

"ఆగమ్మా, అప్పుడే తుడవకు," అన్నాడు సంతోష్ సారు. వచ్చి కోర్టు కొసన గొంతుక్కూర్చున్నాడు. పక్కన శ్రావ్య కూడా కూర్చుంది. కమల మాత్రం కప్పును చంకలో పెట్టుకుని నిలబడే ఉంది.

"నేను కూసుంటే మల్ల లేవ సార్. మీరే సూసి చెప్పుండ్రి."

లైట్ల వెలుగులో నేలంతా మెరుస్తోంది. శ్రావ్య చాలాసేపు చూసి, "అంత నీదే ఉందక్కా," అంది.

"నీది గూడ ఉన్నది బిడ్డా. ఆ ఎడమ దిక్కు సూడు," అన్నాను. తను జారిన గీతలు చూసుకుని ఆ పిల్ల నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

కమల మరో ఏడాది ఆడింది. ఇప్పుడు ఇదే హాల్లో చిన్నపిల్లలకు ఆట నేర్పుతోంది. మొదటి నెలంతా వంగడమే నేర్పుతుంది. బాల్ తర్వాతి సంగతి.

నేను నేర్చుకున్నది ఒక్కటే. కొట్టినవాళ్ల పేరు కాగితంలో ఉంటుంది. ఆపినవాళ్లది నేల మీద ఉంటుంది, ఆ నేలను తుడిచేసేది నేను. ఏడేళ్లలో ఎంతమంది కష్టాన్ని చూడకుండా తుడిచేశానో! అప్పటి నుంచి ఆట అయ్యాక మాపు పక్కన పెట్టి, కొసన ఒక్కసారి కూర్చుంటాను. పడుగును చూసినట్టు చూస్తాను. ఎవరు ఎక్కడ పడ్డారో, ఎవరు ఎక్కడ ఆపారో కనబడుతుంది. ఆ పిల్లలు దగ్గరలో ఉంటే పిలిచి చూపిస్తాను.

ఆ తర్వాతే తుడుస్తాను. పొద్దున ఆటకు నేల ఆరి ఉండాలి కదా.